పేర్లు పోయిన రక్త రిపోర్టులు

ఆవపల్లి, బుధవారం రాత్రి

నేను చూసుకునే ఆసుపత్రి సర్వర్ కోసం పెట్టిన ఇన్వర్టర్‌కు మేనేజర్ తన కూలర్ తగిలించాడు. మధ్యాహ్నం కరెంటు పోగానే ఆ లోడు మోయలేక ఇన్వర్టర్ పడిపోయి సర్వర్ ఆగిపోయింది, డిస్క్ దెబ్బతింది. రిపేర్ కమాండ్ నడిపితే సికిల్ సెల్ రక్త జబ్బు పరీక్షల రిపోర్టులు దొరికాయి. పేర్లు మాత్రం ఎగిరిపోయి ఫైళ్లకు వట్టి నంబర్లు మిగిలాయి.

"అందాజుగా పేర్లు పెట్టెయ్ రా, ఎవరికి తెలుస్తది?" అన్నాడు మేనేజర్.

"మీ బిడ్డ రిపోర్టైతే గట్లనే పెడతరా సాబ్?"

నేను లేనప్పుడు మేనేజర్ తనే పేర్లు పెట్టేస్తాడేమోనని భయమేసి పాస్‌వర్డ్ మార్చి వచ్చాను. నౌకరీ పోతే పోనీ. రేపు తర్రెం ఊరి నుంచి ఒక ముసలమ్మ తన మనవరాలి రిపోర్టు కోసం నడిచొస్తుంది. పిల్లకు మళ్లీ సూది గుచ్చాలని ఆమెకు ఏ నోటితో చెప్పను?