డిసెంబరు పదహారు కాగితం

దిల్‌సుఖ్‌నగర్,
ఆగస్టు 3, 2010

శుభోదయ దినదర్శిని రాసే పెద్దలకి స్వప్న దండం పెట్టి రాస్తున్నది.

మీరు అచ్చేసే క్యాలెండరు, రోజుకో కాగితం చింపేది, మా ఇంట్లో గోడకి ఉంది. పైన తిథి, వర్జ్యం, కింద ‘చరిత్రలో ఈ రోజు’ అని రెండు మాటలు. మా అత్తమ్మ ఈరమ్మకి చదువు రాదు. నేను ఐదో తరగతి దాకా చదివాను. రోజూ పొద్దున కాగితం చింపి ఆమెకి చదివి వినిపించడం నా పని. అందులో ఏముంటే మా ఇంట్లో ఆ రోజు అంతే. వర్జ్యం పోయేదాకా పొయ్యి కూడా అంటించదు.

నా మనవి ఒక్కటే. డిసెంబరు పదహారు కాగితం మార్చాలి. వెనక కాగితాలు ఎత్తి చూశాను. పోయినేడు వేసిందే మళ్ళీ వేశారు. ఆ రోజు రాకముందే ఏదైనా చేయండి. లేకపోతే మా ఇంట్లో ఎప్పటికీ శాంతి ఉండదు. ఇంతకంటే రాయడానికి సిగ్గుగా ఉంది. అసలు సంగతి అవతలి పక్క అంచున చిన్నగా రాశాను.

ఇట్లు,
స్వప్న

తా.క. (అవతలి పక్క, అంచున): పోయిన డిసెంబరు పదహారున మాకు పాప పుట్టింది. ఆ రోజు అమావాస్య. దాని కింద మీరు ‘1773: అమెరికాలోని బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలను సముద్రంలో పారబోశారు’ అని వేశారు. మా అత్తమ్మకి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ దగ్గర చాయ్ బండి ఉంది. నేను దవాఖానలో ఉంటే పక్కింటివాళ్ళు చదివి చెప్పారట. “చాయ్ పారబోసిన దినం పుట్టిందా! ఇగ నా బండి ఏం గావాలె?” అంది. అప్పటి నుంచి పాపని ఒళ్ళోకి తీసుకోలేదు. మొదటి పుట్టినరోజుకైనా తీసుకుంటుందని నా ఆశ.

*

ఎల్బీ నగర్,
ఆగస్టు 9, 2010

గౌరవనీయులైన స్వప్న గారికి దినదర్శిని సంపాదకుడు విశ్వేశ్వరరావు వినయపూర్వక నమస్కారాలు.

మీ లేఖ అందింది. కాగితం తిప్పగానే ‘ఇక చర్చల్లేవు, తేల్చుకోవడమే!’ అన్న శీర్షిక, దాని కింద బిగించిన పిడికిలి బొమ్మ కనిపించాయి. మీ డిమాండు తీవ్రత అర్థమైంది.

పదిహేనో తేదీ కాగితం మీద ఆంధ్ర రాష్ట్రం కోసం జరిగిన నిరాహార దీక్ష సంగతి వేసి, పదహారున తెలంగాణ ఊసెత్తలేదనే కదండీ మీ ఆగ్రహం? అది కావాలని చేసింది కాదు. మాది తెనాలి పక్క పల్లెటూరే గానీ, ఇరవై రెండేళ్ళుగా ఎల్బీ నగర్లోనే ఉంటున్నాం. మా అమ్మాయి మలక్‌పేటలోనే పుట్టింది. మా ఆవిడ సకినాలు చుట్టడం కూడా నేర్చుకుంది. వచ్చే ఏడు బతుకమ్మ తొమ్మిది రోజులూ ఎర్ర అక్షరాల్లో వేస్తాం. బోనాలకు బొమ్మతో సహా వేస్తాం.

మీ ఉద్యమం శాంతియుతంగా సాగాలని కోరుకుంటూ,
భవదీయుడు,
విశ్వేశ్వరరావు

తా.క. పిడికిలి పక్కన అంచు మీద చిన్న అక్షరాలతో ఏదో రాశారు. షరతులై ఉంటాయని చదివే ధైర్యం చేయలేదు.

*

దిల్‌సుఖ్‌నగర్,
ఆగస్టు 20, 2010

విశ్వేశ్వరరావు సారుకి స్వప్న నమస్కారం.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను ఒక్క రోజు అడిగితే మీరు తొమ్మిది రోజుల బతుకమ్మ ఇస్తామన్నారు. మీది పెద్ద మనసు. కానీ దానితో నా కష్టం తీరదు సారూ.

మా ఆయన ఆటో నడుపుతాడు. “నీకు నోరు లెవ్వదు గని, నేనే పోయి మాట్లాడ్త తియ్” అంటున్నాడు. యూనియన్ దోస్తులు పది మందిని తీసుకుని నాలుగు ఆటోల్లో మీ ఆఫీసుకి వస్తాడట. వాళ్ళలో లచ్చయ్యన్న ఎంతటివారినైనా ఒప్పిస్తాడట. అంతమంది వస్తే మీకు ఇబ్బందని నేనే ఆపాను. డిసెంబరు దాకా ఆపగలను. తర్వాత నా చేతిలో లేదు.

ఇట్లు,
స్వప్న

తా.క. (మళ్ళీ అంచునే): నిన్న పాప పాకుతూ పోయి అత్తమ్మ కొంగు పట్టుకుంది. “జర ఎత్తుకోరాదే అమ్మా” అన్నాడు మా ఆయన. “చేతులకు మసి ఉంది బిడ్డా” అంది అత్తమ్మ. ఎనిమిది నెలల నుంచి ఆమె చేతులకి మసే ఉంది. కానీ పాప తనంతట తను కొంగు వదిలేదాకా ఆమె అక్కడి నుంచి కదలలేదు. అది చూశాకే మీకు మళ్ళీ రాయాలనిపించింది.

*

ఎల్బీ నగర్,
ఆగస్టు 28, 2010

ఉద్యమ నాయకురాలు స్వప్న గారికి,

మీ రెండో లేఖ వెనుక ‘నడిరోడ్డుపై వంటా వార్పు జయప్రదం చేయండి’ అని ఉంది. పది మంది, నాలుగు ఆటోలు అన్నారు. మనవి చేసుకునేదేమంటే, మా ఆఫీసు ముందు రోడ్డు బాగా ఇరుకండి. పొయ్యి పెట్టడానికి ఏమాత్రం అనుకూలం కాదు. తమరు సెలవిస్తే నేనే వచ్చి

ఇంతవరకు రాసి మా ఆవిడ కుసుమకుమారికి చూపించాను. ఆమె మీ రెండు ఉత్తరాలూ తిప్పి అంచులు చదివింది. తర్వాత నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. “ఇంట్లో కాగితం లేక కరపత్రాల వెనక రాసుకుందండీ ఆ పిల్ల! పసిబిడ్డ తల్లిని పట్టుకుని నాయకురాలంటారా? మీకు బుర్రుందా?” అంది. పైదంతా కొట్టేశాననుకో అమ్మా.

ఇక అసలు విషయం. చాయ్ సంగతి నేను తీసేయలేను. అది జరిగింది. జరగనిది వేయకుండా ఇరవై రెండేళ్ళు నెట్టుకొచ్చాను. కానీ ఆ కాగితం నేను ఎలా రాస్తానో నీకు చెప్పాలి. ప్రతి తేదీకీ నా దగ్గర యాభై, అరవై సంగతులుంటాయి. కాగితంలో పట్టేవి రెండు. ఎవరూ చావని రోజు ఇంతవరకు నాకు దొరకలేదు. ఎవరూ పుట్టని రోజూ దొరకలేదు. అదే డిసెంబరు పదహారున 1971లో ఢాకాలో యుద్ధం ముగిసింది. ఎందరో తల్లులు ఆ రాత్రి కంటినిండా నిద్రపోయి ఉంటారు. ధనుర్మాసం కూడా ఆ రోజే పడుతుంది. అమావాస్య అంటావా, అది తేదీని అంటిపెట్టుకుని ఉండదు. ఈ ఏడు ఆ రోజు దశమి. ఇన్ని ఉండగా చాయ్ ఏరింది నేనే. ఆ తప్పు నాది, పాపది కాదు.

ఒక్క కాగితం విడిగా అచ్చు వేయిస్తాను. పాప పేరేమిటో రాయి.

ఆశీస్సులతో,
విశ్వేశ్వరరావు

తా.క. మీ ఆయన్ని రమ్మను. లచ్చయ్య గారిని మాత్రం వద్దను. మా ఆవిడ ఒక్కతే చాలు నన్ను ఒప్పించడానికి.

*

దిల్‌సుఖ్‌నగర్,
సెప్టెంబరు 6, 2010

సారుకి, కుసుమకుమారి అమ్మకి స్వప్న దండాలు.

పాపకి పేరు లేదు సారూ. మా దిక్కు ఇరవై ఒకటో నాడు తొట్టెలలో వేసి, నాయనమ్మ పాప చెవిలో పేరు పిలుస్తుంది. ఆ రోజు అత్తమ్మ పొద్దున్నే బండి దగ్గరికి వెళ్ళిపోయింది. మేము ఎదురుచూసి ఎదురుచూసి ఊరికే ఊపాము. అందరూ ‘చిన్ని’ అంటారు. నాకు విజయశ్రీ అని పెట్టుకోవాలని ఉంది. కానీ అత్తమ్మ నోటి నుంచి రాకుండా నేను పెడితే ఆమెను దాటినట్టే. దాటితే ఇక ఆమె మళ్ళీ దగ్గరికి రాదు.

ఇట్లు,
స్వప్న

తా.క. కరపత్రాల సంగతి మా ఆయనకి చెప్పాను. “మా కరపత్రం గింత శ్రద్ధగ సదివినోడు ఆ సారొక్కడే” అన్నాడు.

*

ఎల్బీ నగర్,
నవంబరు 30, 2010

అమ్మా స్వప్నా,

కాగితం పంపుతున్నాను. క్యాలెండరులో పాతది తీసి ఇది పెట్టు. జరగనిది ఒక్కటి కూడా ఇందులో లేదు. జరగాల్సింది ఒకటి ఉంది, అది నా చేతిలోది కాదు. తెలంగాణ మీద వేసిన కమిటీ రిపోర్టు వచ్చే నెలాఖరుకి వస్తుందని మా వీధంతా పరేషాన్‌గా ఉంది. నేను మాత్రం పదహారో తేదీ కోసమే ఎదురుచూస్తున్నాను.

మీ శ్రేయోభిలాషి,
విశ్వేశ్వరరావు

తా.క. పరేషాన్ అనే మాట సరిగ్గానే వాడానా?

*

దిల్‌సుఖ్‌నగర్,
డిసెంబరు 17, 2010

సారుకి, అమ్మకి స్వప్న వేల దండాలు.

నిన్న పొద్దున కాగితం చింపాను. దశమి అని చదివాను, ధనుర్మాస ప్రారంభం అని చదివాను. చాయ్ సంగతి దాటేద్దామనుకున్నాను గానీ మీరు దాచలేదు కాబట్టి నేనూ దాచలేదు. అత్తమ్మ మూతి ముడిచింది. తర్వాత యుద్ధం ముగిసిన సంగతి చదివాను. ఆఖరి వరుస దగ్గర ఆగి పాప ఎక్కడుందో చూశాను.

“ఏందే, ఆగినవ్?”

“2009: గడ్డిఅన్నారం చాయ్ బండి ఈరమ్మ గారి మనుమరాలు పుట్టిన రోజు” అని చదివాను.

అత్తమ్మ పాల గిన్నె కింద పెట్టింది. “ఎవరి పేరు?”

“నీదే అత్తమ్మా.”

“నా పేరా? అచ్చులనా? గారు అని ఉన్నదా?”

“ఉంది.”

“మల్ల సదువు.”

నాలుగుసార్లు చదివించుకుంది. నాలుగోసారి వేలు పెట్టి తన పేరు ఎక్కడుందో చూపించమంది. ఆ పక్కనే ఉన్న తెల్ల జాగా దగ్గర వేలు ఆగింది. “ఈడేం లేదేంది?”

“పాప పేరు కోసం ఖాళీ వదిలారు.”

“గిదేం అచ్చు! నాయనమ్మ పేరు ఏసి పోరి పేరు ఏయకపోతే మార్కెట్ల ఎట్ల సూపియ్యాలె? నవ్వరా? పెన్ను తే.” పెన్ను తెచ్చాను. కాసేపు పాప వైపు చూసింది. “ఇయ్యాల ధనుర్మాసం వట్టింది గద, ఆండాళ్ తల్లి నెల. అండాలమ్మ. రాయి.”

పెన్ను నా చేతిలో ఉంది సారూ. ఆమెకి చదువు రాదు. ‘విజయశ్రీ’ అని రాసినా ఆమెకి తెలియదు. రోజూ నేను చదివింది నమ్ముతుంది. ఆ నమ్మకం వల్లే ఏడాదిగా ఏడ్చాను. పెన్ను కాగితం మీద పెట్టి చాలాసేపు ఉన్నాను. తర్వాత ‘అండాలమ్మ’ అని రాశాను, గుండ్రంగా, నాకు వచ్చినంత మంచిగా.

ఆమె కాగితం తీసుకుంది. వంగి పాపని ఎత్తుకుని, చెవి దగ్గర నోరు పెట్టి ఆ పేరు మూడుసార్లు పిలిచింది. తర్వాత ఇద్దరూ కాగితంతో సహా మార్కెట్‌కి వెళ్ళారు. చీకటి పడేదాకా రాలేదు. పుట్టినరోజు పాయసం నేనూ మా ఆయనా తిన్నాము.

మీకు ఎప్పటికీ ఋణపడిన,
స్వప్న

తా.క. ఇవాళ ముక్కోటి ఏకాదశి అని చదివాను. “అది ఎరుకే గని, ఇయ్యాల ఎవరు పుట్టిన్రో సదువు” అంది అత్తమ్మ. మీ కాగితంలో రాజుల సంగతే ఉంది. ఆమెకి రాజులు వద్దట. మార్కెట్ అంతా తిరిగి ఎవరెవరు ఎప్పుడు పుట్టారో కనుక్కుంటోంది, మీకు పంపమని. చాలామందికి తమ తేదీ తెలియదట సారూ. వాళ్ళని ఏ కాగితం మీద వేద్దాం?