చేతిలో చెప్పులు

మంగళవారం రాత్రి, యీషున్‌లోని మా ఫ్లాట్

పొద్దున నానమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని కారిడార్‌లో నడిచింది. పక్కవాళ్ల తలుపులన్నీ దాటి, లిఫ్ట్ దగ్గరికి వెళ్లాకే తొడుక్కుంది.

క్లాసులో చదువుతున్న నవలలో, బానిసత్వం నుంచి బయటపడ్డ తల్లి సొంత ఇంట్లో కూడా మంచం మీద పడుకోదు. "ఫ్రీ అయిపోయింది కదా, ఇంకా భయమెందుకు?" అని వెనక ఎవరో నవ్వారు.

సాయంత్రం నానమ్మను చెప్పుల సంగతి అడిగాను.

"ఊళ్లె వెట్టి చేసేటప్పుడు దొర గడి ముంగట తొడుక్కుంటే కొట్టేటోళ్లు బిడ్డా."

"ఈ దేశంలో దొర లేడు కదా నానమ్మా."

"నాకెరుకనే. కాళ్లకే ఎరుక లేదు."

తర్వాత నా చెప్పు పట్టీ ఊడిందని తనే కూర్చుని కుట్టింది. వెట్టి మాట మళ్లీ ఎత్తలేదు.

నవలలోని ఆ తల్లిలాంటి వాళ్లను మీలో ఎవరైనా చూశారా అని ఇవాళ మధ్యాహ్నమే క్లాసులో మేడమ్ అడిగారు. అందరికంటే ముందు తల అడ్డంగా ఊపింది నేనే.