గడప ముందరి బండ

ఇబ్రహీంపట్నం

అమ్మకు రాకేశ్ దండాలు. ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్లో మాట నీకు సరిగ్గా వినబడదని కార్డు రాస్తున్నాను. అక్కడ చెల్లె భవాని చదివి వినిపిస్తుంది.

అవ్వ పోయి ఏడాది వస్తోంది కదా, గోరీ మీదికి గ్రానైట్ పలక చేయిద్దామని పోతే, ఆమెతో బండలు కొట్టిన భిక్షం తాత వద్దన్నాడు. "మీ అవ్వ తన గోరీ బండ తనే చెక్కి పెట్టుకున్నది బిడ్డా. నువ్వు కడుపుల ఉన్నప్పుడు మీ అమ్మ వాకిట్ల బురదకు జారింది. తెల్లారి ఆ బండనే తెచ్చి మీ గడప ముంగట బోర్లేసింది. ఎవ్వలకు చెప్పొద్దన్నది."

గడ్డపారతో లేపి చూశాం. అడుగున సుత్తె, ఉలి, వాటి పక్కన ఒక నెమలి, నిన్న చెక్కినట్టున్నాయి. అంత సన్నటి పని ఏ మిషనుకూ రాదు. మళ్ళీ అట్లే బోర్లేశాం. నీ కాలు జారకుండా ఆమె వేసిన బండ అది. గోరీకి తీసుకుపోవాలో, ఇంటికే ఉంచాలో నువ్వే చెప్పాలి.

చింతపండు కుండ ఎక్కడ పెట్టినవ్? భవాని కాన్పు కాగానే కబురు పంపండి. భవానికి, బావకు అడిగానని చెప్పు.

జవాబు జర తొందరగా రాయించు. ఆ బండ మీద కాలు పెట్టబుద్ధి కాక అందరం పెరటి తలుపు నుంచే తిరుగుతున్నాం.