సముద్రం మీదికి వెళ్లిన ఓటీపీ

హైదరాబాదు,
ఆదివారం.

అప్పకి,

నీ చెల్లి దండాలు పెట్టి రాసేది. నువ్వూ, బావా, అమ్మా కులాసా అని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? నా గురించి బెంగ పెట్టుకోవద్దు. ఒంట్లో బాగానే ఉంది, కోపమే తగ్గటం లేదు. ఫోనులో చెబితే "పోన్లేవే" అనేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడ ఎండ మనకంటే ఎక్కువేమీ కాదు గానీ గాలి లేదు. హాస్టల్లో చేపంటే చెరువు చేపే, నోట్లో పెడితే మట్టి వాసన. ఆమదాలవలసలో రైలెక్కేవాళ్లెవరైనా ఉంటే కాసిని ఎండు నెత్తళ్లు పంపించు. గదిలో అమ్మాయిలు ముక్కు మూసుకుంటే మూసుకోనీ.

ఫోన్లు ఎత్తే సీటు నుంచి తీసి నన్ను డిజైన్ వాళ్ల పక్కన కూర్చోబెట్టారని చెప్పాను కదా. యాప్ తెరిస్తే ఏ బటన్ ఎక్కడ ఉండాలి, దాని మీద ఏ మాట ఉండాలి, అదీ పని. మూడు నెలలు చూసి ఉంచుకునేదీ లేనిదీ చెబుతామన్నారు. చుట్టూ ఉన్నవాళ్లంతా పెద్ద పెద్ద కాలేజీల వాళ్లు. నేనేమో శ్రీకాకుళం నెట్ సెంటర్లో నాలుగేళ్లు జనానికి దరఖాస్తులు నింపినదాన్ని. "అక్కడేం నేర్చుకున్నావ్?" అని నవ్వుతూ అడుగుతారు. ఏ గడి దగ్గర మనిషి చెయ్యి ఆగిపోతుందో నేర్చుకున్నాను. ఇంటిపేరు ఏ గడిలో రాయాలో తెలియక ఎమ్మే చదివినవాడు కూడా నా మొహమే చూసేవాడు. అది ఏ కాలేజీలో చెబుతారు?

మన రేవులో ఆడవాళ్లకిచ్చిన ఎండు చేపలు అమ్ముకునే యాప్ మా ఆఫీసుదే. మగవాళ్లు వేటాడితే అమ్మకం ఆడవాళ్లదని మన దగ్గర పసిపిల్లకీ తెలుసు. వీళ్లకు తెలియదు. నీ ఫోనులో యాప్ పెట్టి, నంబరు మాత్రం పడవ ఎవరి పేరున ఉంటే వాళ్లది రాసుకున్నారు. తెరిచిన ప్రతిసారీ ఓటీపీ బావ ఫోనుకు పోతుంది. బావ సముద్రం మీద, ఆయన ఫోను పాలిథిన్ కవర్లో, సిగ్నల్ లేదు. నువ్వు ఒడ్డున గంప ముందు పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చోవాలి.

నెల్లాళ్లుగా మొత్తుకుంటున్నాను. "వాళ్లకు వాడటం రాదు, అంతే" అంటాడు మా మేనేజరు. మొన్న మీటింగులో దానికి రుజువని, రేవు వాళ్లతో మాట్లాడి రికార్డు చేసిన ఫోను ఒకటి వినిపించాడు.

"మాకు సదువు లేదు కదా బాబూ, ఏటి నొక్కాలో తెల్దు. తప్పు మాదే, ఏటీ అనుకోకు."

నీ గొంతు అప్పా! అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల మీదే కాదు, నీ మీద కూడా. చేప మెత్తబడిందన్నవాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేస్తావే, ఫోనులో ఆఫీసు గొంతు వినబడేసరికి నీ నోరేమైంది?

లేచి నిలబడ్డాను. కోపంలో మన మాటే వచ్చేసింది. "ఆవిడ మా అప్పండీ. మరియాదకి అన్నాది ఆ మాట. మా ఇంటికొచ్చినోడు కుర్సీ ఇరగ్గొట్టినా కుర్సీదే తప్పంటాం. ఓటీపీని సంద్రం మీదికి పంపిందెవులు? మా అప్పా, మీరా?"

ఒక్కరూ నవ్వలేదు. మేనేజరు మాత్రం, "సరే, రెండు వారాలాగి మళ్లీ ఆవిడకే ఫోను చేద్దాం. అప్పుడూ ఇదే అంటే నువ్వు నీ పాత సీటుకు వెళ్లిపో" అన్నాడు.

అమ్మకు నా దండం, దీవించమని చెప్పు. బావను అడిగానని చెప్పు. పొరుగింటి పెద్దమ్మను కూడా.

అప్పా, ఆ ఫోను వస్తుంది. నా కొత్త సీటు కోసం ఏమీ చెప్పొద్దు. పోతే పోనీ, ఫోన్లు ఎత్తుకునో దరఖాస్తులు నింపుకునో బతకగలను. నువ్వు మాత్రం చెయ్యని తప్పు ఒప్పుకోకు.

నీ చెల్లి,
నూకరత్నం