టవలు కింద చెప్పలేని మాట

నాయనా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. నీ పటానికి దండేసి, హార్స్లీ హిల్స్ గెస్ట్‌హౌస్‌లో డ్యూటీకి వచ్చినా. జపాన్ నుంచి ఒక ముసలామె దిగింది. మా మేనేజరు ఆమె నోటికాడ ఫోన్ పెట్టి తర్జుమా చేయిస్తాండాడు. నేను ఫోన్ పక్కకు తోసి, "మోకాళ్లు నొస్తాండాయా అమ్మా?" అని జపనీస్‌లోనే అడిగినా. ఆమె నా చెయ్యి పట్టుకుని ఒకటే మాటలు. నాకు సగమే అర్థమయింది.

"రెండేండ్లు నేర్చినా సగమేనా? పూర్తిగా వచ్చేకి ఇంకెన్నేండ్లు పడతాది? ఫోనుండాది కదా, యాల ఈ తిప్పలు?" అని మేనేజరు నగినాడు.

కుప్పం సంతలో గొర్రెలమ్మేటప్పుడు నువ్వు టవలు కింద కొనేవాళ్ల వేళ్లు పట్టుకునే రేటు చెప్పేవాడివి. నోరు తెరిచే పనే లేదు. అయినా వాళ్ల అరవమూ కన్నడమూ నేర్చుకుంటివి. యాల అని నేనడిగితే, "బేరానికి వేళ్లు చాలమ్మా. బిడ్డలు బాగుండారా అని అడగాలంటే మాట కావల్ల" అంటివి. కడదాకా తప్పులు మాట్లాడితివి. సంతలో నగినోళ్లు నగతానే ఉండిరి, నువ్వు మాట్లాడతానే ఉంటివి.

ఎన్నేండ్లన్నా పట్టనీ నాయనా. ఆమె చెప్పిన దాంట్లో మిగతా సగం నాకు కావల్ల. రేపు మొదటి బస్సుకే మదనపల్లెలో జపనీస్ క్లాసుకు పోతాండా.