గాలి ఎక్కువై పరుపు మీద పడ్డ నింద

కొత్త లారీ ఓనరుగారూ,

బండి తీసే ముందే, టైర్లు చల్లగా ఉండగానే గాలి చూసుకోండి. టైరు మీద అచ్చేసిన అంకె కనబడిందని అంతా కొట్టించెయ్యకండి. అది నిండు లోడుకి పెట్టిన హద్దు, అంతకు మించకూడదని. మీరు ఇవాళ కూడా తోలేది ఖాళీ బండి. ఏ లోడుకి ఎంత గాలో డ్రైవరు తలుపు లోపల చార్టు అంటించి ఉంది.

నిన్న టైర్లు రాళ్లలా బిగించి, గుంత గుంతకీ ఎగిరెగిరి పడి, ఇంటికొచ్చి పడుకుని, పొద్దున లేచి నడుం నొప్పికి మా అమ్మ కుట్టించిన పరుపుని తిట్టిపోశారు! ముందు దానికి సారీ చెప్పండి.

నేను డ్యూటీకి వెళ్తున్నా.

అన్నట్టు, నొప్పి మందు దిండు కింద పెట్టాను. నడుం దాకా మీ చెయ్యి అందదు, సాయంత్రం నేనొచ్చి రాస్తా. పడుకోవాల్సింది మాత్రం ఆ పరుపు మీదే.