మొదటి సాలు

జూలై 2001, గురువారం

ఈపొద్దు పదో తరగతికి వెర్సెయిల్స్ సంధి పాఠం చెప్పినా. ఓడిన జర్మనీని అంతగా అణగదొక్కినందుకే ఇరవై ఏండ్లకు మళ్లా యుద్ధం వచ్చిందని చెప్తాంటే, నాకు మా ఊరే కండ్లబడింది.

మా ఊర్లో రెండు వర్గాల కొట్లాటయినాక కుదిరిన రాజీ కూడా అట్లాంటిదే. గెలిచిన మా వర్గం మొదటి సాలు తోలినాకే ఓడినోళ్లు శెనక్కాయ ఇత్తాల. అంతలోకి వాళ్ల చేన్లలో వాన పదును ఆరిపోతాది. నిన్న వాన పడింది. మా వర్గం పెద్ద మా అన్నే. ఇంకా ఇత్తే గొర్రు కట్టలేదు, కావాలనే.

ఓడినోళ్ల పెద్ద ఓబులేసు దావలో ఎదురైనాడు. ఎప్పుడూ తలొంచుకొని పొయ్యే మనిషి, ఈపొద్దు నా కండ్లలోకే చూసినాడు.

ఇంటికొచ్చి, "ఇట్లయితే మళ్లా కొట్లాటేన్నా" అంటే, "పాఠాలు బళ్లో చెప్పుకో పో" అన్నాడు అన్న.

సరే. మొదటి సాలు మా వర్గందే కావాల కదా, ఏ చేన్లోనో రాజీలో లేదు. తెల్లారుతానే నేనే తోలుతా, ఓబులేసు చేన్లో.